మూడో ఫైలు చివర

హనుమకొండ,
18 డిసెంబర్ 2025

శ్రావణికి బాపమ్మ ఆశీస్సులు.

నువ్వు మారేడుమిల్లి అడవికి చేరావని, అక్కడ సినిమా వాళ్ల గుడారాల దగ్గర ఫోను పలకదని, రాజమండ్రిలోని లాడ్జికి ఉత్తరం పంపితే సామాన్ల వ్యాను తెచ్చి ఇస్తుందని మీ నాన్న చెప్పాడు. సరే. ఉత్తరం రాయడం నాకు కష్టం కాదు. ఫోనులో నువ్వు సగం మాటలు మింగుతావు, కాగితం మీద ఆ వీలుండదు.

అసలు సంగతికి వస్తాను. మొగిలమ్మ చేత వరి నాట్లప్పుడు పాడే నాటు పాటలు పాడించి పట్టుకుంటానని మైకుల పెట్టెలు తెచ్చావు. తెల్లారి సినిమా వాళ్లు రమ్మనగానే పెట్టెలు నా హాల్లో వదిలి బస్సెక్కావు. మొదలుపెట్టిన పనిని మధ్యలో వదిలేవాళ్లను బడిలో నేను ఏం చేసేదాన్నో నీకు తెలుసు.

నిన్న మొగిలమ్మ వచ్చింది. మా బడిలో ఆయాగా చేరకముందు వాళ్ల ఊళ్లో నాట్లు వేసేదని, నాట్లలో పాటెత్తితే అవతలి గట్టుకు వినపడేదని నీకు చెప్పాను కదా. ఆమె గొంతులో గడ్డకు జనవరి 22న ఆపరేషన్ ఖాయమైంది. స్వరానికి పోయే నరం ఆ గడ్డను ఆనుకునే ఉందట. గొంతు మారవచ్చు, పోనూవచ్చు అని డాక్టరు ముందే చెప్పేశాడు. ఆమె నా ముందు నిలబడి అన్న మాటలు ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

“శ్రావణమ్మ లేకపోతె ఏంది, మిషిని ఉన్నది గద. నువ్వే పట్టు టీచరమ్మా. గొంతు పోయినంక ‘మీ అవ్వ మంచిగ పాడేది’ అని ఎవరన్న చెప్తె నా మనవండ్లు నవ్వుతరు. ముసల్ది పుట్టుడే బొంగురు గొంతుతోటి పుట్టింది అనుకుంటరు.”

అన్ని పాటలూ అక్కర్లేదట. కాలి కడియం మీద కట్టిన కడెం పాట ఒక్కటి చాలట. కాబట్టి ఈ పని నేను నేర్చుకోవాలి. నువ్వు నేర్పాలి. ‘కొంచెం దూరంలో పెట్టు’ అని రాయకు. ఎంత దూరమో రాయి. ఏ బటన్ ముందు, ఏది తరువాత అన్నది వరసలో రాయి. అక్షరాలు గుండ్రంగా రాయి.

బాపమ్మ,
సుభాషిణి

మారేడుమిల్లి,
23 డిసెంబర్

బాపమ్మా,

నీ ఉత్తరం చదివి మొదట భయమేసింది, తరువాత నవ్వొచ్చింది. చిన్నప్పుడు నాకు పందొమ్మిదో ఎక్కం చెప్పించిన మనిషికి నేను పాఠం చెప్పాలి. మొగిలమ్మ సంగతి మాత్రం నవ్వే సంగతి కాదు. నేను అలా వచ్చేయకుండా ఉండాల్సింది. ఇక్కడ పనిలో ఉన్నా మనసు అక్కడే తిరుగుతోంది. పైగా రోజూ వానజల్లు, దాంతో గుడారం గుడ్డ చప్పుడు, శబ్దం పట్టే మా సార్ విసుగు.

నల్ల పెట్టెలో పెన్నుల్లాంటి మైకులు రెండున్నాయి. వాటిని అడ్డకడ్డీకి బిగించు. రెండింటి మూతుల మధ్య పదిహేడు సెంటీమీటర్లు, మధ్యలో కోణం నూటపది డిగ్రీలు. అవి రెండు చెవులనుకో. మొగిలమ్మకు మీటరుంబావు దూరంలో, ఆమె నోటి ఎత్తుకు స్టాండు నిలబెట్టు. తీగలు రికార్డరుకు తగిలించాకే మైకులకు కరెంటిచ్చే బటన్ నొక్కాలి, ముందు కాదు. ఆమె గట్టిగా ఎత్తుకున్నప్పుడు కూడా తెరమీద గీత మైనస్ పన్నెండు డెసిబెల్స్ దాటకుండా చూసుకో. ఎర్ర దీపం వెలిగితే ఆ ముక్క పాడైనట్టే.

ఫ్యాను, ఫ్రిజ్ ఆపు. గోడ గడియారం వాకిట్లో పెట్టు. ఈ మైకులు నీకంటే ఎక్కువ వింటాయి. గోడలకు బొంతలు వేలాడదీస్తే గది మోగదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. ఆమెను ఆపకు. తప్పు పాడినా, దగ్గినా, వీధిలో కుక్క మొరిగినా ఆపకు. మిషిన్ని కూడా ఆపకు, తిరగనియ్. పాట అయిపోయాక కూడా తిరగనియ్. మార్కులు వెయ్యొద్దు బాపమ్మా.

పాట మెమరీ కార్డులోకి ఎక్కాక ఆ కార్డునే ఉత్తరంతో పాటు కొరియర్ చెయ్యి. పెట్టెలో వేరే కార్డులున్నాయి.

ఇక్కడ చలికి వేళ్లు వంగడం లేదు. అక్షరాలు గుండ్రంగా లేకపోతే క్షమించు.

శ్రావణి

హనుమకొండ,
29 డిసెంబర్

శ్రావణికి,

అక్షరాలు బాగానే ఉన్నాయి. ‘కార్డులోకి ఎక్కాక’ అని రాశావు, పాట ఎక్కడానికి అదేం చెట్టా?

నిన్న పాట పట్టాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నూటపది డిగ్రీలకు నా పాత కోణమానిని బయటికి తీశాను. కంటి అంచనాతో బిగిస్తే ఎనిమిది డిగ్రీలు తేడా వచ్చింది, అందుకే అంచనాలను నేను నమ్మను. బొంతలు కట్టాం. ఫ్రిజ్ ఆపితే పాలు విరిగాయి. అది నీ ఖాతాలో.

మొగిలమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టాను. మొదటి ఫైలు పక్కింటి కుక్కర్ కూతకు పాడైంది, ఆపి మళ్లీ మొదటి నుంచి పాడించాను. రెండోదానిలో ఆమె ఒక చరణం వదిలేసింది, అదీ ఆపించాను. మూడోదానిలో కూరగాయల బండి వాడు వచ్చాడు. అయినా ఆ ఫైలులో పాట మొత్తం ఉంది. నువ్వు చెప్పినట్టే పాట అయ్యాక మిషిన్ని ఆపలేదు. ఆమెకు అటుకుల పళ్లెం ఇచ్చి, నేను వంటింట్లో టీ పెట్టి వచ్చేదాకా అది తిరుగుతూనే ఉంది. నేను వచ్చేసరికి పళ్లెం ఒలకబోసి, సగం ఎత్తేసింది కూడా. ఇంత వివరం ఎందుకంటే, నువ్వు తరువాత అడుగుతావు.

ఇంకొకటి. ఈ పాట ఇద్దరిదట. ఒకరు వదినెను అడుగుతారు, రెండోవారు వదినెగా జవాబిస్తారు. ‘కాలి కడెమేడ జారెనే వదినా’ అంటే ‘నాటు మడిల జారె, మొలకెత్తుతదిలే’ అని. ప్రశ్న పూర్తిగా ముగియకముందే జవాబు అందుకోవాలి. వాళ్ల ఊళ్లో జవాబు చెప్పేది రహీమాబీ. ఇప్పుడు మట్టెవాడలో కొడుకు ఖలీల్ దగ్గర ఉంటోంది. ఖలీల్ ఆటో నీకు తెలుసు. మూడేళ్ల కింద ఏదో సభలో రహీమాబీ వేరే ఆవిడను పక్కన నిలబెట్టుకుని ఈ పాట పాడిందట. అప్పటినుంచి వీళ్లిద్దరికీ మాటల్లేవు. “నా ప్రశ్నను ఇంకొకతె నోట్లె పెట్టింది” అని మొగిలమ్మ కోపం. అందుకని నిన్న రెండు వైపులా తనే పాడింది.

కార్డు పంపుతున్నాను. విని, ఏ ఫైలు పనికొస్తుందో రాయి.

బాపమ్మ

మారేడుమిల్లి,
2 జనవరి 2026

బాపమ్మా,

కార్డు నిన్న వచ్చింది. లైట్లు సర్దే విరామంలో గుడారంలో కూర్చుని, మా అసిస్టెంటు చెవులకు పెట్టుకునే చిన్న హెడ్‌ఫోన్లలో విన్నాను.

నువ్వు నాకు అబద్ధం చెప్పడం నేర్పలేదు కాబట్టి చెప్తున్నాను. మైకులు పెట్టిన తీరుకు వంక లేదు, మా సార్ కూడా మెచ్చుకున్నారు. కానీ పాట లేదు. మొగిలమ్మ ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు పిల్లలు పద్యం అప్పజెప్పినట్టు పాడింది. మధ్యమధ్య ‘ఆగు, మొదటి నుంచి’ అని నీ గొంతు. నీ గొంతు మాత్రం చాలా స్పష్టంగా వచ్చింది.

అయితే మూడో ఫైలు చివర, నువ్వు వంటింట్లోకి వెళ్లాక, ఇంకో ఆవిడ పాడింది. నాలుగే వరసలు. మైకులకు దూరంగా, తనలో తాను పాడుకున్నట్టు. అది విన్నాక నేను అన్నం పళ్లెం ముందు అలాగే కూర్చుండిపోయాను. గొంతులో బలం ఉంది, ఊపు ఉంది, దిగులూ ఉంది. ఎవరావిడ? నీ ఉత్తరంలో ఆమె ప్రస్తావనే లేదు. మొగిలమ్మతో వచ్చిందా? ఆమెను ఎలాగైనా పట్టు. అవసరమైతే పాట ఆమె చేత పాడించి, మొగిలమ్మ చేత పక్కన అనిపిద్దాం.

ఈ ఉత్తరం వ్యానుకు అందాలి. తొందరలో రాస్తున్నాను.

శ్రావణి

హనుమకొండ,
7 జనవరి

శ్రావణీ,

నీ ఉత్తరం ఎంత పని చేసిందో తెలుసుకో.

ఆ రోజు నా ఇంట్లో నేనూ మొగిలమ్మా తప్ప ఎవరూ లేరు. ఉంటే నీకు రాసేదాన్ని. ఇంట్లో ఎందరున్నారో తెలియని స్థితికి నేను ఇంకా రాలేదు. కానీ నువ్వు అంత గట్టిగా రాశావు, మిషిన్ అబద్ధమాడదు. ఇక మిగిలింది ఒకటే. నేను వంటింట్లో ఉండగా మొగిలమ్మ వెనక తలుపు తీసి ఎవరినో రానిచ్చింది. ఆ పాట వచ్చిన మనిషి రహీమాబీ ఒక్కతే. పైకి మాటల్లేవంటూ, లోపల ఇద్దరూ కలిసి నన్ను ఆట పట్టించారని అనుకున్నాను.

మొగిలమ్మను పిలిచి అడిగాను. ‘నాకు తెలియకుండా నా ఇంట్లోకి ఎవరిని రానిచ్చావు’ అన్నాను. ఆమె కొంగు కొస పట్టి చూపింది.

“బడి తాళంచెవులు ఇన్నేండ్లు నా కొంగుకే ఉండె. ఎన్నడన్న పిల్లినన్న రానిచ్చిన్నా టీచరమ్మా?” అంది. నేను జవాబు చెప్పేలోపే లేచింది. “నాకు పాటా వద్దు, గీటా వద్దు. గొంతు పోతె పోనియ్.”

చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా వెళ్లిపోయింది.

అక్కడితో ఆగానా? ఆగలేదు. నిజం తేల్చుకోవాలని మట్టెవాడ వెళ్లి రహీమాబీని కూడా అడిగాను. ఆమె వాకిట్లో మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. నవ్వింది. “నేను మొగిలి గడప తొక్కక మూడేండ్లాయె అమ్మా. సభోళ్లు స్టేజీ ఎక్కమన్ననాడు ఆమెకు జ్వరం. నేనేం జేయాలె, పాట ఆపాల్నా? జర ఆలోచించాలె గద ఆమె కూడ” అని తన వైపు కథ మొదలుపెట్టింది. నేను తొందరలో, ‘పాట కాదు, ఇరవై రెండో తారీఖున ఆమె గొంతుకు ఆపరేషన్, ఆలోపు పట్టాలి’ అన్నాను. అప్పటిదాకా ఆమెకు ఆ సంగతే తెలియదట. చేతిలోని మిరపకాయ అలాగే పట్టుకుంది. ఏ దవాఖాన అని మాత్రం అడిగింది. ఆ తరువాత మిరపకాయలు ముట్టలేదు.

ఆమె మాట నమ్మితే వచ్చింది ఆమె కాదు. మరి ఎవరు? నువ్వు చెప్పు. మొగిలమ్మ ఇంటికి మనిషిని పంపితే ‘రాను’ అని కబురొచ్చింది. మైకులు పెట్టెలో పెట్టి తాళం వేశాను.

సుభాషిణి

హనుమకొండ,
13 జనవరి

శ్రావణికి,

నీ జవాబు ఇంకా రాలేదు. పండుగ సెలవులకు కొరియర్ ఆఫీసు మూస్తారట.

పెట్టె తాళం మళ్లీ తీశాను. పంపేముందు ఫైళ్లు నా కంప్యూటరులోకి దించుకుని ఉంచాను, హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ నాలుగు వరసలు నేనూ విన్నాను. నువ్వన్నది నిజమే, అది మొగిలమ్మ గొంతు కాదు. ఇన్నేళ్లుగా వింటున్న గొంతు నాకు తెలియదా? కాబట్టి ఇద్దరిలో ఎవరో ఒకరు అబద్ధమాడారన్న మాట మీదే ఉన్నాను. కానీ ఆ మాట మీద నిలబడితే కాలు నిలవడం లేదు. వంటింట్లోకి వెళ్లి ఎందుకు వెళ్లానో మరిచిపోయి వస్తున్నాను. నాకు అలవాటు లేని పని ఇది.

ఇరవై రెండు దగ్గరికొస్తోంది.

బాపమ్మ

మారేడుమిల్లి,
10 జనవరి

బాపమ్మా,

నీ ఏడో తారీఖు ఉత్తరం ఇప్పుడే అందింది. తప్పు నాది. పూర్తిగా నాది. చిన్న హెడ్‌ఫోన్లలో ఒకసారి విని, పెద్ద తెలిసినదానిలా రాశాను.

ఇప్పుడు మా సార్ హెడ్‌ఫోన్లు అడిగి తీసుకుని చాలాసార్లు విన్నాను. ప్రతి వరసకు ముందు ఆమె ఊపిరి తీసుకుంటుంది చూడు, అక్కడ సన్నగా ఒక గీర ఉంది. గొంతులో గడ్డ అడ్డు తగిలే గీర. కుర్చీలో పాడిన పాటలోనూ అదే గీర. బాపమ్మా, ఇంట్లోకి ఎవరూ రాలేదు. ఆ ఆవిడ మొగిలమ్మే.

నీ ఉత్తరం మళ్లీ చదివితే తెలిసింది. అటుకులు ఒలికాయన్నావు. ఆమె వంగి నేల మీద అటుకులు ఏరుతోంది. రెండు మైకుల్లో గొంతు నేల దగ్గరినుంచి వస్తోంది, ఎడమ నుంచి కుడికి మెల్లగా జరుగుతోంది. చేతికి పని దొరికింది, నడుము వంగింది, నువ్వు ఎదురుగా లేవు. నాటు పాట ఎప్పుడైనా ఎవరైనా కుర్చీలో కూర్చుని పాడారా? వయసంతా వంగి, బురదలోకి చూస్తూ పాడిన గొంతు అది. దాన్ని మనం నిటారుగా కూర్చోబెట్టి, ముఖానికి మైకు పెట్టాం. నోటి ఎత్తుకు స్టాండు పెట్టమని చెప్పింది నేనే.

నువ్వు ఆమె దగ్గరికి వెళ్లాలి. నా తప్పుకు నిన్ను పంపుతున్నాను. మైకులు నేలకు జానెడు ఎత్తులో పెట్టి, మూతులు కాస్త పైకి తిప్పు. ఆరుబయట అయితే బూడిదరంగు బొచ్చు తొడుగులు వెయ్యి. గాలి కొట్టినా పాట వినపడుతుంది.

సెలవుల్లో ఇది ఎప్పుడు చేరుతుందో.

శ్రావణి

హనుమకొండ,
21 జనవరి

శ్రావణికి,

నీ పదో తారీఖు ఉత్తరం పదిహేడున చేరింది. అందులో ఉన్నది నేను వెంటనే నమ్మలేదు. ముందు సరిచూడాలి. మైకులు బిగించి, నిలబడి పందొమ్మిదో ఎక్కం చదివాను. తరువాత హాల్లో వంగి, చేత్తో నేల తుడుస్తూ అదే ఎక్కం చదివాను. మొదటిది నా గొంతు. రెండోది విన్నప్పుడు ఎవరో మా అమ్మవైపు మనిషి అనుకున్నాను. అప్పుడు నమ్మాను. నడుము పట్టేసి ఆ సాయంత్రమంతా పడుకున్నాను, అది వేరే సంగతి.

మరునాడు మొగిలమ్మ ఇంటికి వెళ్లాను. ఆమె గడప మీద కూర్చుని ఉంది, నన్ను లోపలికి రమ్మనలేదు. నేను నిలబడే చెప్పాను. ‘ఆ రోజు ఎవరూ రాలేదు. పాడింది నువ్వే. నేను అడిగింది తప్పు’ అన్నాను.

“గది నాకెర్క లేదా?” అంది. “నా పాట నాకు తెల్వదా? నువ్వు అడిగిన తీరుకు చెప్పబుద్ధి కాలె.”

అప్పుడే చెప్పి ఉంటే ఇన్ని రోజులు పోయేవి కావు కదా అని నోటిదాకా వచ్చింది. మింగాను. కుర్చీ వద్దని, ఈసారి నీ ఇష్టమని అన్నాను. కొంగు దులుపుకుని లేచింది. తరువాత, “ఎల్లుండి మా ఊర్ల కట్టయ్య మడిల నాట్లున్నయ్. నేను పొద్దుగాల పోత. నువ్వు మిషిని పట్టుకొని రా. కుర్సీ మాత్రం తేకు” అంది.

నిన్న ఖలీల్ ఆటో మాట్లాడాను. ఆటో వాకిట్లోకి వచ్చేసరికి వెనక సీట్లో రహీమాబీ కూర్చుని ఉంది. నేను పిలవలేదు. ఖలీల్ తల గోక్కుంటూ, ‘ఆ రోజు మీరొచ్చిపోయినకాడినుంచి అమ్మీ సరిగ తింటలేదు, కిరాయి ఎక్కడికి అని అడిగి ఎక్కి కూసున్నది’ అన్నాడు. వాళ్ల ఊరికి పోయే ఐనవోలు దారంతా ఆమె నాతో ఒక్క మాటే అంది. “ఆమెకు జెప్పకు నేనొచ్చిన్నని.” ఆమె ఎదుటికే వెళ్తున్న మనిషిని కనపడకుండా ఎలా ఉంచాలో నాకు తెలియలేదు.

మడి దగ్గర మోటారు కొట్టుకుంటోంది. కట్టయ్యను ఆపమంటే, కరెంటు ఉన్నప్పుడే నీళ్లు పెట్టుకోవాలమ్మా అని గొణిగి, ఒక పాటసేపు ఆపుతానన్నాడు. నేను గట్టు మీద స్టాండు పొట్టి చేసి, జానెడు ఎత్తులో మైకులు పెట్టి, తొడుగులు వేశాను. ఈసారి కోణమానిని తీయలేదు. తీసేంత సేపు కట్టయ్య ఓపిక పట్టేలా లేడు.

ఆడవాళ్లు వరసగా వంగి, నారు పెడుతూ వెనక్కి జరుగుతున్నారు. మొగిలమ్మ నడుమ ఉంది. తల ఎత్తలేదు. రహీమాబీ చీర కుచ్చిళ్లు దోపుకుని, నారు కట్ట ఒకటి అందుకుని, ఆమెకు ఇద్దరి అవతల వరసలో దిగింది. ఆ ఇద్దరూ ఏమీ అనకుండా జరిగి చోటిచ్చారు. వంగిన వాళ్లకు పక్కవాళ్ల చేతులే కనపడతాయి, ముఖాలు కనపడవు. అది ఎంత మేలో నాకు అప్పుడు తెలిసింది.

మొగిలమ్మ ఎత్తుకుంది. నువ్వు విన్న ఆ గొంతే, అంతకు పదింతలు. ‘కాలి కడెమేడ జారెనే’ అని, జవాబు కూడా తనే చెప్పుకోవడానికి ఊపిరి తీసుకోబోయింది. ఆ ‘వదినా’ అన్న మాట ఇంకా ముగియనే లేదు, పక్కనుంచి జవాబు వచ్చింది. ‘నాటు మడిల జారె’ అని.

మొగిలమ్మ చేయి ఆగలేదు. అది నేను చూశాను. నారు పెడుతూనే ఉంది. కానీ రెండో ప్రశ్న కాస్త ఆలస్యంగా వచ్చింది. వచ్చినప్పుడు గొంతు పైకి లేచింది, జవాబు అంతకంటే పైకి. ఒకరినొకరు చూసుకోలేదు, ఒకరినొకరు వదల్లేదు. తక్కినవాళ్లు వంతపాట అందుకున్నారు. గీత మైనస్ పన్నెండు దాటిందేమో, నేను తెర చూడలేదు.

ఆఖరి చరణంలో కట్టయ్య ఓపిక అయిపోయి మోటారు వేశాడు. నేను ఎవరినీ ఆపలేదు.

అయ్యాక ఇద్దరూ కాల్వలో కాళ్లు కడుక్కున్నారు. ఒకరు ఇటు, ఒకరు అటు. తిరుగు ప్రయాణంలో మొగిలమ్మ బస్సుకే వెళ్తానంది. రహీమాబీ నా పక్కన కూర్చుని, “మూడో చరణం నాకంటె జల్ది పోయింది. ఆమెకు ఎప్పుడు ఫికరే లేదు పక్కోళ్లది” అంది. ముఖం మాత్రం వెలిగిపోతోంది.

రేపు ఉదయం ఆపరేషన్. కార్డు ఇందులోనే ఉంది. జాగ్రత్తగా దించుకో, దీనికి రెండోసారి లేదు.

బాపమ్మ

మారేడుమిల్లి,
28 జనవరి

బాపమ్మా,

విన్నాను. ఏం రాయాలో తెలియక నాలుగు కాగితాలు పాడుచేశాను.

మోటారు చప్పుడు తీసేయొచ్చేమో చూశాను. తీస్తే వాళ్ల గొంతులూ కొంత పోతున్నాయి. ఉంచేశాను. మైకులు పెట్టిన చోటు నేనున్నా అంతకంటే బాగా పెట్టలేను. వరస వెనక్కి జరుగుతుంటే గొంతులు దగ్గరవడం, కుడిపక్క రహీమాబీ, నడుమ మొగిలమ్మ, మడిలో నీళ్ల చప్పుడు, అన్నీ కళ్లకు కట్టాయి.

ఒక తగువు తెచ్చాను, తిట్టకు. నేను వింటుంటే మా డైరెక్టరు హెడ్‌ఫోన్లు లాక్కుని విన్నాడు. సినిమా మొదట్లో ఈ పాట పెట్టుకుంటానంటున్నాడు. తెరమీద వాళ్ల పేర్లు వేస్తాడట, ఇవ్వాల్సింది ఇస్తాడట. పాట నాది కాదు, ఇవ్వడానికి నేనెవర్ని అన్నాను. అతను రోజూ అడుగుతున్నాడు. వాళ్లిద్దరినీ నువ్వే అడగాలి. వద్దంటే వద్దు.

దానికంటే ముందు ఆపరేషన్ ఎలా అయిందో రాయి. ఇక్కడ వ్యాను వచ్చినప్పుడల్లా పరిగెత్తుతున్నాను. మొగిలమ్మ మాట్లాడుతోందా?

శ్రావణి

హనుమకొండ,
17 ఫిబ్రవరి

శ్రావణికి,

ఆలస్యానికి కారణం ఉంది. చెప్పడానికి ఏమీ లేనప్పుడు ఉత్తరం రాయడం నాకు చేతకాదు.

ఆపరేషన్ బాగానే అయింది, గడ్డ తీసేశారు. గొంతు పోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. నరం తెగలేదు, నలిగింది, కోలుకోవచ్చు, ఎప్పుడో చెప్పలేనన్నాడు డాక్టరు. ఇన్ని రోజులూ అదే మాట. మొగిలమ్మ మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేది. మనవలు వచ్చి పిలిచినా తిరిగేది కాదు.

మూడో రోజు రహీమాబీ డబ్బాలో జావ పట్టుకుని వచ్చింది. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ పొమ్మనలేదు. అప్పటినుంచి రోజూ వస్తోంది. ఇద్దరి మాటలూ తనే మాట్లాడేది. మొగిలమ్మ చేత్తో ‘చాలు’ అంటే, “చాలంటాంది, అంటె ఇంకింత పోయుమని” అని గిన్నె నింపేది. హెడ్‌ఫోన్లు పెట్టి పాట వినిపిస్తానంటే మొగిలమ్మ వద్దని తల ఊపింది. మనవలు మాత్రం విన్నారు. పెద్దవాడు రెండుసార్లు విని, మంచం దగ్గరికి వెళ్లి, ‘గిది నువ్వేనా అవ్వా’ అని అడిగాడు. ఆమె గోడవైపు నుంచి ఇటు తిరిగి వాడిని చూసింది.

నిన్న సాయంత్రం నీ ఉత్తరంలోని సినిమా సంగతి ఇద్దరి ముందూ చదివాను. మొగిలమ్మ దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. రహీమాబీ డబ్బా మూత తీస్తోంది. నేను చదవడం ముగించకముందే అంది.

“పెట్టుకొమ్మను బిడ్డను. మంచిదే. తెర మీద నా పేరు ముందెయ్యమను, మొగిలి పేరు ఎనుక.”

మొగిలమ్మ చేయి లేచింది. కాదన్నట్టు ఊపింది. రహీమాబీ అటు చూడలేదు, జావ కలుపుతూనే ఉంది. “సభల పాడింది నేను, పేరున్నది నాకు” అంది.

అప్పుడు గోనెసంచిని నేలమీద ఈడ్చినట్టు ఒక చప్పుడు వచ్చింది. మొదట నాకు అది ఎక్కడినుంచో తెలియలేదు.

“నీ... పేరు... ముందేంది.” మొగిలమ్మ మెడ నరాలు ఉబ్బాయి. “అడిగేది నేను. అడగంది... జవాబు ఏడికెల్లి వస్తది?”

రహీమాబీ గరిటె గిన్నెలో వదిలేసింది. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. నేను ఏడుస్తోందనుకున్నాను. కొంగు తీసి, “అల్లా, మూగనోము పట్టినా నయమే ఉండె. నోరు తెరిచె, మొదటి మాటనే కొట్లాట” అంది. కళ్లు తడిగానే ఉన్నాయి. మొగిలమ్మ దానికీ జవాబిచ్చింది, సగం మాటలు గాలిలో పోయాయి, అయినా ఆపలేదు. నేను మాట్లాడవద్దని, డాక్టరు గొంతును అలసిపోనివ్వద్దన్నాడని చెప్పాను. నా మాట ఇద్దరిలో ఎవరూ వినలేదు.

ఈ ఉదయం డాక్టరుకు చూపించాం. నరం కదులుతోందన్నాడు. వచ్చినది పాత గొంతు కాదు, ఇకముందు ఇంతేనో, ఇంకా కోలుకుంటుందో ఆయన చెప్పలేదు. పాడొచ్చా అని నేను అడగబోతే మొగిలమ్మ నా చేయి పట్టి ఆపింది.

ఇక నీ డైరెక్టరు సంగతి. పాట ఇవ్వడానికి ఇద్దరికీ అభ్యంతరం లేదు. ఎవరి పేరు ముందు అన్నదే తేలలేదు. పొద్దున దవాఖాన వరండాలో మొదలైన వాదన ఆటోలో, మట్టెవాడ మలుపు దాటినా ఆగలేదు. ఇది రాస్తుండగా ఇద్దరూ నా హాల్లోనే ఉన్నారు. రహీమాబీది ఒక మాట అయితే, మొగిలమ్మ గరగరమంటూ అది ముగియకముందే అందుకుంటోంది.

తేలేదాకా ఆగమని ఆయనకు చెప్పు. తొందర పెడితే వద్దంటామని కూడా చెప్పు.

బాపమ్మ